అడగని ప్రశ్నకు జవాబు

మన ధర్మప్రచార సాహిత్యంపై చర్చ వచ్చినప్పుడల్లా మనం రెండు ప్రశ్నలే వేసుకొంటాము: ఎన్ని ప్రతులు అచ్చయ్యాయి, ఎంతమందికి చేరాయి? ఎవరి చేతికి చేరిందో ఆ మనిషి దానిని కోరుకొన్నాడా, కనీసం వద్దనే వీలైనా అతనికి ఉన్నదా అన్న మూడవ ప్రశ్న వేసుకొనేవారు అరుదు. ఈ వ్యాసం ఆ మూడవ ప్రశ్నను గురించి.

పరిశీలనకు నేను తీసుకొన్న చోటు హైదరాబాదు పడమటి అంచున ఉన్న హైటెక్ సిటీ. 1998 నవంబరు 22న నాటి ప్రధానమంత్రి వాజ్‌పేయి సైబర్ టవర్స్ భవనాన్ని ప్రారంభించినప్పుడు అది మాదాపూర్ బండల మధ్య ఒంటరి కట్టడం. నేడు ఆ వరస కొండాపూర్, గచ్చిబౌలి, రాయదుర్గం, నానక్‌రాంగూడల దాకా సాగింది. తెలుగు జిల్లాలన్నిటినుంచీ, ఇతర రాష్ట్రాలనుంచీ చదువుకొన్న యువత అక్కడికి వచ్చి చేరింది. వారిలో మన పిల్లలూ ఉన్నారు. పాతబస్తీనుంచి వచ్చి అక్కడ క్యాబులు నడుపుకొనే సోదరులూ ఉన్నారు. చదువుకొన్నవారు, ఆలోచించేవారు, ఇంటి ఒత్తిళ్ళకు దూరంగా ఉన్నవారు కనుక సత్యసందేశానికి ఇంతకంటె అనువైన నేల లేదని మన ఉత్సాహవంతులు తలుస్తారు.

నేల సంగతి అలా ఉంచి గదుల సంగతి చూడండి. ఒకే గదిలో మూడు మంచాలు వేసిన హాస్టలు, పక్కపక్కనే కుర్చీలున్న ఆఫీసు, పని నిమిత్తం పెట్టుకొన్న వాట్సాప్ గ్రూపు, అర్ధరాత్రి షిఫ్టు ముగిశాక ఇంటికి చేర్చే క్యాబు. వీటన్నిటిలో ఒక సామాన్య గుణమున్నది: వినేవాడు లేచి వెళ్ళలేడు. రాత్రి రెండు గంటలకు ఒంటరిగా ఇంటికి పోతున్న అమ్మాయి డ్రైవరు పెట్టిన బయాన్‌ను ఆపమని అడగటానికి నాలుగుసార్లు ఆలోచించుకొంటుంది. ఏడాది చివర తన పనికి మార్కులు వేసే టీమ్ లీడరు టీ తాగుతూ పరలోకం ప్రస్తావన తెస్తే కింది ఉద్యోగి తల ఊపక ఏం చేస్తాడు? ఆ తల ఊపటాన్ని మనవాడు ఆసక్తి అని భావించి మరునాడు పుస్తకం తెచ్చి ఇస్తాడు.

ఇది మన ఒక్కరి వ్యవహారం కాదు. మన పిల్లలకూ కోరకుండానే సువార్త కరపత్రాలు, గురువుల ప్రవచనాలు వచ్చి పడుతున్నాయి. కొన్నిసార్లు మన ధర్మాన్ని కించపరిచేవీ వస్తాయి. ఇంటికి వచ్చి వారు వాపోతారు. ఆ ఫిర్యాదును సానుభూతితో విన్న పెద్దవారే మరుక్షణం తమ ఫోనునుంచి నలభైమందికి ఒక వీడియో పంపటం విడ్డూరం.

ఆ వీడియోల విషయానికి వద్దాము. వాటిలో, మన కరపత్రాలలో కనిపించే రచనా పద్ధతి చాలామటుకు ఒకటే: ఎదుటివాని గ్రంథంలోనుంచి వాక్యం తీయటం, అందులో వైరుధ్యం చూపటం, అతనిని నిరుత్తరుణ్ణి చేసి ఆపైన మన మాట చెప్పటం. ఈ పద్ధతికి ఒక వంశవృక్షం ఉన్నది. 1854 ఏప్రిల్‌లో ఆగ్రాలో మౌలానా రహ్మతుల్లాహ్ కైరానవీకీ, జర్మన్ మిషనరీ ఫాండర్‌కూ రెండు రోజులపాటు బహిరంగ వాదం జరిగింది. ఫాండర్ అంతకు చాలాకాలం ముందే ఇస్లామ్‌పై విమర్శగ్రంథం ప్రకటించి, నగరాల వీథులలో ప్రచారం సాగిస్తుండినాడు; వెనుక బ్రిటిషు అధికారం ఉన్నది. మౌలానా దానికి బదులిచ్చారు. 1857 తిరుగుబాటు తర్వాత దేశం విడిచిపోయి, 1864లో ఇస్తాంబూల్‌లో ‘ఇజ్‌హారుల్ హఖ్’ వ్రాశారు. ఆ గ్రంథమే 1930లలో దక్షిణాఫ్రికాలోని నటాల్‌లో అహ్మద్ దీదాత్ అనే యువకుని చేతికి చిక్కింది. ఆడమ్స్ మిషన్ సమీపాన ఒక దుకాణంలో ఆయన పనిచేస్తుండేవారు. మిషన్‌లో శిక్షణ పొందుతున్న విద్యార్థులు సరుకులకోసం వచ్చి, మహాప్రవక్త (స)ను గురించి నొప్పించే మాటలు అని పోయేవారు. గల్లాపెట్టె వదిలి వెళ్ళిపోలేడు, తిరిగి చెప్పటానికి జవాబు తెలియదు. ‘ఇజ్‌హారుల్ హఖ్’ ఆయనకు జవాబునిచ్చింది. 1986లో అమెరికాలోని బాటన్ రూజ్‌లో జిమ్మీ స్వాగర్ట్‌తో ఆయన చేసిన వాదం వీడియో క్యాసెట్ల ద్వారా మన గల్లీల దాకా వచ్చిన సంగతి పాఠకులలో పెద్దవారికి గుర్తుండే ఉంటుంది.

ఈ చరిత్రను నిదానంగా చూస్తే ఒక విషయం తేలుతుంది. దీదాత్ సాహెబ్ స్వయంగా వినక తప్పని శ్రోత. వెళ్ళిపోలేని చోట నిలబెట్టి తన విశ్వాసాన్ని విమర్శిస్తే మనిషికి ఎలా ఉంటుందో అనుభవించినవారు. మునాజరా అనే ఆ ప్రక్రియ దాడికి గురైనవాడు పట్టుకొన్న డాలు. అది డాలుగా ఉన్నంతకాలం దానికి గౌరవమున్నది. కాని మనం చేసినదేమిటి? ఏ దాడీ చేయని పక్క కుర్చీ మిత్రుని ముందు ఆ డాలునే ఆయుధంగా ఎత్తాము. నటాల్ దుకాణంలో ఆ విద్యార్థులు నిలబడిన చోట నేడు మనం నిలబడి ఉన్నాము. గల్లాపెట్టె వెనుక ఉన్నవాడు వేరొకడు. మన తెలుగు ధర్మసాహిత్యంలో పెద్దభాగం ఉర్దూనుంచి అనువదింపబడినదే కావటంవల్ల, వాదవివాదాల కాలంలో ఉత్తరాదిన పుట్టిన ఆ స్వరం కూడా అనువాదంతోబాటు తెలుగులోకి దిగుమతి అయింది. కడపనుంచో శ్రీకాకుళంనుంచో వచ్చిన కుర్రవాడు ఎన్నడూ వేయని ఆక్షేపణలకు అందులో సమాధానాలుంటాయి. అతను అడగగోరిన దానికి మాత్రం ఒక్క పేజీ ఉండదు.

మన ప్రచారకులు ప్రమాణంగా చూపేది దివ్యఖుర్ఆన్‌లోని నహల్ సూరా 125వ ఆయతును. వివేకంతో, చక్కని హితబోధతో పిలవమని, ఎంతో మేలైన రీతిలో వాదించమని దాని సారాంశం. మూడింటినీ మూడు సమానమైన మార్గాలుగా మనం బోధిస్తుంటాము. ఆయతు కూర్పు అలా లేదు. ‘పిలువు’ అన్న క్రియ మొదటి రెండింటితో ముగిసింది. మూడవదానికి వేరొక క్రియ వచ్చింది. ఇమామ్ రాజీ తన మహావ్యాఖ్యానంలో ఈ తేడాను పట్టుకొని, వాదం పిలుపులో భాగం కాదనీ, దాని ప్రయోజనం వేరనీ వివరించారు. అనగా వాదించేవాడు ఎదురైనప్పుడే వాదం. ఇమామ్ గజాలీ అయితే ‘ఇహ్యా’ మొదటి గ్రంథంలోనే మునాజరావల్ల పుట్టే అసూయ, గర్వం, ఎదుటివాని తొట్రుపాటుకు సంతోషించటం వంటి రోగాలను వరుసగా చెప్పి, జనసమూహం ఎదుట కంటె ఏకాంతంలో మాట్లాడుకోవటం మేలన్నారు. నేటి వీడియోలలో చప్పట్ల మోతను ఆయన విని ఉంటే ఏమనేవారో ఊహించుకోవచ్చును.

వినదలచని వారితో వ్యవహారం ఎలా ఉండాలన్న దానిపై సహాబాల ఆచరణ స్పష్టంగానే ఉన్నది. హజ్రత్ ఇబ్నె మస్‌వూద్ (రజి) గురువారాలు మాత్రమే హితబోధ చేసేవారు. ప్రతిరోజూ చెప్పమని ఒకరు కోరితే, మీకు విసుగు కలిగించటం నాకిష్టం లేదు, మహాప్రవక్త (స) కూడా మా విషయంలో ఇలాగే జాగ్రత్త వహించేవారు అన్నారు. గమనించండి, అక్కడ కూర్చున్నవారు కోరి వచ్చినవారు! హజ్రత్ ఇబ్నె అబ్బాస్ (రజి) తన శిష్యునికి చేసిన ఉపదేశం ఇంకా సూటిగా ఉన్నది: జనులు తమ మాటలలో తామున్నప్పుడు నీవు పోయి వారి సంభాషణను తెంచి బోధించవద్దు, మౌనంగా ఉండు, వారు అడిగినప్పుడు చెప్పు. రెండూ బుఖారీలో ఉన్నవే. ఈ రెండవదానిని మన ఇజ్తిమాలలో నేను విన్న సందర్భాలు వేళ్ళమీద లెక్కపెట్టవచ్చు.

హజ్రత్ ముస్అబ్ బిన్ ఉమైర్ (రజి) మదీనా వృత్తాంతాన్ని మాత్రం అందరూ చెబుతారు, కాని తొందరగా చెబుతారు. ఉసైద్ బిన్ హుదైర్ ఈటె పట్టుకొని వచ్చి, ప్రాణాలమీద ఆశ ఉంటే ఇక్కడినుంచి వెళ్ళిపొమ్మని గద్దించాడు. ముస్అబ్ (రజి) ఆయనను కూర్చొని వినమన్నారు. నచ్చితే స్వీకరించు, నచ్చకపోతే నీకు నచ్చనిదానిని మానుకొంటామన్నారు. ఉసైద్ అది న్యాయమేనని ఈటెను నేల గుచ్చి కూర్చున్నాడు. మన వక్తలు అక్కడినుంచి ఒక్క దూకున ఆయన కలిమా పఠనానికి పోతారు. నా దృష్టిలో అసలు ఘట్టం మధ్యలో ఉన్నది. వినకముందే, వద్దంటే ఆపుతానన్న మాట ఇవ్వబడింది. ఆ మాట నిజమని నమ్మాడు గనుకనే ఉసైద్ కూర్చున్నాడు. మన సోదరులలో ఎందరు సంభాషణ ప్రారంభంలో ఆ హామీ ఇస్తున్నారు?

ఇక్కడ ఒక బలమైన ఆక్షేపణ ఉన్నది, దానిని దాటవేయటం న్యాయం కాదు. హజ్రత్ నూహ్ (అ) రాత్రింబవళ్ళు పిలిచారు. జనులు చెవులలో వేళ్ళు పెట్టుకొన్నారు, వస్త్రాలు కప్పుకొన్నారు. అయినా ఆయన మానలేదు. మహాప్రవక్త (స) ఉకాజ్ వంటి సంతలలో తెగతెగకూ వెళ్ళి సందేశం వినిపించారు, తిరస్కారాలు ఎదుర్కొన్నారు. మరి మనం అడిగేదాకా ఆగాలా? నా సమాధానం ఇది. సంతలో తలుపులుండవు. విననివాడు తన గుడారంలోకి పోగలడు, అలా పోయారు కూడా. చెవులలో వేళ్ళు పెట్టుకొనే స్వేచ్ఛ నూహ్ (అ) జాతికి ఉండినది. వారే బలవంతులు, ఆయన ఒంటరి. బలం చెప్పేవాని పక్షాన ఉన్నప్పుడు సంగతి మారిపోతుంది. హజ్రత్ ఉమర్ (రజి) తన క్రైస్తవ సేవకునికి ఇస్లామ్‌ను గురించి చెప్పేవారు. ముస్లిమ్ అయితే రాజ్యవ్యవహారాలలో నీ సాయం తీసుకొంటానని కూడా అన్నారు. అతను ఒప్పుకోలేదు. ధర్మంలో బలాత్కారం లేదన్న ఆయతు చదివి ఊరుకొన్నారు. చివరకు అతనిని స్వతంత్రుణ్ణి చేశారు. ఖలీఫా అంతటివారు సేవకుని నిరాకరణ ముందు ఆగిపోయినప్పుడు, టీమ్ లీడరు ఆగటంలో నామర్దా ఏమున్నది?

చట్టం సంగతి క్లుప్తంగా. రాజ్యాంగం 25వ అధికరణంలో మతప్రచార హక్కు ఉన్నది. 1977లో స్టానిస్లాస్ కేసులో సుప్రీంకోర్టు, అది తన విశ్వాసాలను వివరించే హక్కేగాని ఇతరుని మతం మార్పించే హక్కు కాదన్నది. 2007లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం తిరుమల వంటి ఆరాధనాస్థలాలలో అన్యమత ప్రచారాన్ని నిషేధిస్తూ ఆర్డినెన్సు తెచ్చింది. వీటిలోని మంచిచెడ్డలు వేరే చర్చ. ఇబ్నె అబ్బాస్ (రజి) గీసిన హద్దు వీటన్నిటికంటె ఇవతలే ఉన్నదని మాత్రం చెప్పగలను.

తెలుగునాట ఈ విషయంలో మనం మరచిన ఒక మనిషి ఉన్నారు. 1920లలో ఖుర్ఆన్‌ను మొదటిసారి తెలుగులోకి తెచ్చినవారు చిలుకూరి నారాయణరావు. ఆయన హిందూ పండితులు, భాషాశాస్త్రవేత్త. తానే గ్రంథం దగ్గరకు వచ్చి, తెలుగు పాఠకునికి దారి వేశారు. అలా తనంత తాను నడిచి వచ్చే మనిషిని దృష్టిలో పెట్టుకొని మనం ఎన్ని పుస్తకాలు వ్రాశాము?

హైటెక్ సిటీలో అటువంటివారు లేకపోలేదు. రంజాన్ నెలలో ఏ కంపెనీ క్యాంటీనులోనైనా ఒక ప్రశ్న తప్పక వినిపిస్తుంది: “నీళ్ళు కూడా తాగరా?” అది నిజమైన ప్రశ్న, స్నేహంతో అడిగినది. దానికి జవాబు రెండు నిమిషాల పని: తాగము, తెల్లవారకముందు తింటాము, సూర్యుడు క్రుంకగానే ఖర్జూరంతో ముగిస్తాము, రోగికీ ప్రయాణికునికీ మినహాయింపు ఉన్నది, దీనివల్ల నాకు కలిగేది ఇది. కరపత్రాలమీద పెరిగిన మనవాడు ఆ ప్రశ్నను పట్టుకొని విగ్రహారాధన దాకా పోతాడు. ఎదుటివాడు మర్యాదగా వాచీ చూసుకొంటాడు. మరుసటి రంజాన్‌లో అతను ఆ ప్రశ్న అడగడు; ఆ ముస్లిమ్‌నే కాదు, రెండు వరసల అవతల కూర్చొని, జుహర్ నమాజుకు ఖాళీ గది ఎక్కడ దొరుకుతుందా అని వెదుక్కొనే వేరొక ముస్లిమ్‌ను కూడా అడగడు. నష్టపోయేది ఆ రెండవవాడు. ఏ వాదమూ చేయనివాడు అతనే.

ఆ క్యాంటీను ప్రశ్నకు, అది అడిగిన భాషలోనే, అడిగినంత మేరకే జవాబు చెప్పే ఎనిమిది పేజీల తెలుగు పుస్తకం నా బల్లమీద ఉన్న కరపత్రాల కట్టలో లేదు.