ఏం చదవమంటారు?

“ఏం చదవమంటారు?” అన్న ప్రశ్న కొత్తదేమీ కాదు. పూర్వం ఈ ప్రశ్నను ఊళ్లో గ్రంథాలయం నడిపే పెద్దమనిషినో, బడిలో తెలుగు పంతులుగారినో అడిగేవారు. ఇవాళ ముక్కూ మొహం తెలియని వారిని అడుగుతున్నారు. పుస్తకాలతో పాటు వినదగిన పాడ్‌కాస్ట్ ఏది, ఆడదగిన వీడియో గేమ్ ఏది అని కూడా అడుగుతున్నారు. ఆ తెలియనివారు విసుక్కోకుండా జవాబులు చెబుతున్నారు. ఈ అడగడాన్నీ చెప్పడాన్నీ సాహిత్య విమర్శలో భాగంగానే చూడాలని మేము భావిస్తున్నాం. ఒక రచనను ఇంకొకరికి సిఫారసు చేయడమంటే దాని మీద తీర్పు చెప్పడమే కదా. అది విమర్శకు అతి చిన్న రూపం.

చదువు విషయంలో ఊరూ పేరూ తెలియని వాళ్లను అడగడం సోమరితనమని కొందరు పెద్దలు అంటారు. ఈ మాటతో మేము ఏకీభవించలేకపోతున్నాం. విజయవాడలోనో హైదరాబాదులోనో ఉన్న విద్యార్థి నాలుగు వీధులు నడిస్తే తెలుగు పుస్తకాల అంగడి కనిపిస్తుంది. షోలాపూరులోనో, కోవిల్‌పట్టిలోనో, బరంపురంలోనో ఉన్న విద్యార్థి ఎవరిని అడగాలి? ఇంట్లో తెలుగు వినిపిస్తుంది గాని తెలుగు పుస్తకం కనిపించదు. అటువంటి విద్యార్థి అపరిచితుణ్ణి అడగడం గత్యంతరం లేకనే. కాబట్టి మా విమర్శ అడిగేవారి మీద కాదు, జవాబు చెప్పే తీరు మీద.

మా విద్యార్థిని ఒకరి అనుభవం చెబుతాం. ఆమెది షోలాపూరులో తరతరాలుగా స్థిరపడిన నేతపనివారి కుటుంబం. ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ. తెలుగు అక్షరాలు పెద్దయ్యాక పట్టుదలతో నేర్చుకున్నది. “తెలుగులో మంచి పుస్తకాలు చెప్పండి” అని అడిగితే నలభై పేర్లు వచ్చాయి. వేయిపడగలు, మైదానం, మహాప్రస్థానం, చివరకు మిగిలేది, అసమర్థుని జీవయాత్ర ఇలా. అన్నీ గొప్పవే, సందేహం లేదు. అయితే ఒక్కదాని పక్కన కూడా అది ఎందుకు చదవాలో ఒక్క వాక్యం లేదు. ఆమె జాబితాలో మొదటిది కదా అని వేయిపడగలు తెరిచింది. ఇరవై పుటల తర్వాత మా దగ్గరకు వచ్చి, “నాకు తెలుగు రాదు సార్. మా ఇంట్లో మాట్లాడేది అసలు తెలుగే కాదేమో” అన్నది.

ఈ మాట మమ్మల్ని చాలా బాధపెట్టింది. తప్పు ఆమెది కాదు, విశ్వనాథ వారిదీ కాదు. 1934లో రాసిన ఆ నవల వెయ్యి పుటలకు అటూ ఇటూగా ఉంటుంది. ఒక గ్రామమూ, దాని గుడీ, జమీ క్రమంగా క్షీణించడాన్ని తీరిగ్గా చెబుతుంది. ఆ తీరిక, ఆ భాష, ఆ ఆచారాల పరిచయం పాఠకుడికి ముందే ఉండాలి. “ఇది మీ మొదటి పుస్తకం కాకూడదు” అని ఒక్కరు చెప్పినా సరిపోయేది. చెప్పకపోవడం వల్ల ఒక అమ్మాయి ఒక పుస్తకాన్ని పక్కన పెట్టడంతో ఆగలేదు, తన ఇంటి భాషనే అనుమానించింది. రాష్ట్రం వెలుపలి తెలుగువారికి ఇది చిన్న నష్టం కాదు.

ఈ విషయంలో వీడియో గేములు ఆడేవారి పద్ధతి గమనించదగినది. ఎవరైనా మంచి ఆట చెప్పమంటే వారు ముందు ఎదురు ప్రశ్నలు వేస్తారు. ఇంతకు ముందు ఏవి ఆడావు? నీ దగ్గర ఉన్నది ఫోనా, కంప్యూటరా? ఒక్కడివే ఆడతావా, స్నేహితులతోనా? రోజుకు ఎంతసేపు కేటాయించగలవు? ఆ తర్వాతనే పేరు చెబుతారు. పేరుతో పాటు ఎక్కడ కష్టంగా ఉంటుందో, ఎన్ని గంటలు పడుతుందో కూడా చెబుతారు. ఆటకు ఇంత శ్రద్ధ చూపే లోకంలో పుస్తకం దగ్గరికి వచ్చేసరికి పేరు విసిరి ఊరుకుంటున్నాం. పాడ్‌కాస్టుల సంగతీ అంతే. మా విద్యార్థుల్లో చెవికి తెలుగు బాగా తెలిసి, కంటికి అంతగా తెలియని వారు ఎక్కువ. వారికి వినే కథ మంచి వారధి. కాని చదివేవారి యాస ఏ ప్రాంతానిది, ఒక్కో భాగం ఎంతసేపు, కథ ఉన్నదున్నట్టు చదువుతున్నారా లేక కుదించి చెబుతున్నారా అన్నది చెప్పేవారు అరుదు.

కారణం చెప్పిన సిఫారసుకు ఎంత బలం ఉంటుందో చూపడానికి ఒక పాత ఉదాహరణ ఉంది. అది మన వెలుపలి తెలుగు చరిత్రలోనిదే. బెంగళూరు నాగరత్నమ్మ 1878లో మైసూరు రాజ్యంలోని నంజనగూడులో పుట్టారు. తంజావూరు మరాఠా రాజు ప్రతాపసింహుని ఆస్థానంలో, 18వ శతాబ్దంలో, ముద్దుపళని రాసిన రాధికాసాంత్వనం గురించి ఆమెకు మొదట వేరే గ్రంథంలోని ప్రస్తావన వల్ల తెలిసింది. ప్రతి సులభంగా దొరకలేదు. దొరికిన అచ్చు ప్రతి సమగ్రంగా లేదు. పట్టు విడవకుండా వెతికి, పూర్తి పాఠాన్ని 1910లో వావిళ్ల వారి ద్వారా అచ్చు వేయించారు.

అప్పటికే కందుకూరి వీరేశలింగం తమ కవుల చరిత్రలో ఈ కావ్యాన్నీ, రాసిన స్త్రీనీ గట్టిగా నిందించి ఉన్నారు. ఆ నింద కూడా ఒక విధంగా సిఫారసే, చదవవద్దని చేసిన సిఫారసు. అయితే వీరేశలింగం గారు కారణం చెప్పారు. స్త్రీ అయి ఉండి ఇంత పచ్చిగా శృంగారం రాయడమేమిటన్నది ఆ కారణం. కారణం చెప్పారు గనుకనే నాగరత్నమ్మ దానికి జవాబు చెప్పగలిగారు. శృంగారం రాసిన పురుషులకు లేని నింద స్త్రీకి మాత్రమే ఎందుకని అడిగారు. ప్రభుత్వం ఆ పుస్తకాన్ని నిషేధించింది. టంగుటూరి ప్రకాశం పంతులుగారు మద్రాసు ప్రధానిగా ఉన్న 1946–47 కాలంలో గాని ఆ నిషేధం తొలగలేదు. ఈ వాదంలో ఎవరి పక్షం సరైనదో నేటి పాఠకులకు వేరే చెప్పనక్కరలేదు. మా దృష్టిలో ముఖ్యమైనది ఏమంటే, కారణం తెలిసిన చోట పాఠకురాలు ఎదురు చెప్పగలదు. వట్టి పేర్ల జాబితాకు ఎదురు చెప్పడం ఎవరికీ సాధ్యం కాదు. లోబడడమో, విసిగి వదిలేయడమో తప్ప వేరే దారి లేదు.

ఇక జవాబు ఎలా ఉండాలి? మాకు తోచిన మచ్చుతునకలు కొన్ని ఇస్తాం. ఒడిశాలోని విద్యార్థి అడిగితే కన్యాశుల్కం చెబుతాం. 1909 నాటి రెండవ కూర్పే చదవమంటాం. అందులో విజయనగరం పరిసరాల మాట పాత్రకు తగ్గట్టు పలుకుతుంది. మీ ఇంటి మాటకు అది దగ్గరగా ఉండవచ్చు. మనసులో కాక పైకి చదవండి. వాడుక భాష కోసం గిడుగు రామమూర్తి పంతులుగారు వాదించింది నేడు ఒడిశాలో ఉన్న పర్లాకిమిడి నుంచేనన్న సంగతి కూడా గుర్తుంచుకోండి. తమిళనాడు విద్యార్థికి కి. రాజనారాయణన్ తమిళంలో 1976లో వెలువరించిన గోపల్ల గ్రామం చెబుతాం. అది తమిళ నవలే అయినా, దక్షిణానికి తరలిపోయిన తెలుగు కుటుంబాల కథ. రచయిత ఇంటి భాష తెలుగు. తెలుగువారి చరిత్రకు తెలుగు పుస్తకమే ఆధారం కానక్కరలేదని అది నేర్పుతుంది. పులికాట్ సరస్సు ప్రాంతపు మాట వినాలంటే స.వెం. రమేశ్ ప్రళయకావేరి కథలు ఉన్నాయి. తెలియని మాట తగిలితే నిఘంటువుకు ముందు మీ అవ్వను అడగండి. కర్ణాటక విద్యార్థికి రాళ్లపల్లి అనంతకృష్ణ శర్మ గారి ‘వేమన’ చెబుతాం. ఆయన మైసూరు మహారాజా కళాశాలలో ఏళ్ల తరబడి తెలుగు బోధించారు. రాష్ట్రం వెలుపల ఉండి కూడా తెలుగు విమర్శలో నిలిచే మాట చెప్పవచ్చుననడానికి ఆయనే నిదర్శనం. భాష కొంచెం బరువు, రెండో ఏడాదికి ఉంచుకోండి.

ఇవన్నీ సరైన సిఫారసులని మేము పట్టుపట్టడం లేదు. కారణాలు చెప్పాం గనుక మీరు కాదనవచ్చు. నిజానికి ఈ దోషంలో మాకూ భాగముంది. మా పాఠ్యప్రణాళిక చివర ఇచ్చే ‘చదవదగిన గ్రంథాలు’ కూడా ఏళ్ల తరబడి వట్టి పేర్ల పట్టికే. ఆ పట్టికలో ఏది మొదట చదవాలో, ఏది ఆగి చదవాలో మేమూ చెప్పలేదు.

ఆ షోలాపూరు విద్యార్థినికి మేము అమరావతి కథలు ఇచ్చాం. శంకరమంచి సత్యం గారి ఆ నూరు కథలు చిన్నవి, ఒక్క కూర్చోవడంలో ఒకటి ముగుస్తుంది. వారం తర్వాత వచ్చి, కథలు బాగున్నాయనీ, కాని ఊరంతా కృష్ణ ఒడ్డునే ఉందనీ, మగ్గం చప్పుడు ఉన్న కథ ఏదైనా చెప్పమనీ అడిగింది. ఇప్పుడు ఆమె ప్రశ్న మారింది. “మంచి పుస్తకం చెప్పండి” అన్నది పోయి, తనకు కావలసింది ఏమిటో చెప్పగలుగుతున్నది. మేము వెంటనే జవాబు చెప్పలేకపోయాం, ఇంకా వెతుకుతున్నాం.

చదువరులకు మా మనవి ఒక్కటే. ఎవరైనా అడిగినప్పుడు పది పేర్లు చెప్పకండి. ఒక్కటి చెప్పండి. అది ఎవరికి నప్పుతుందో, ఎక్కడ కష్టమో, మీకు ఎందుకు నచ్చిందో చెప్పండి. అడిగేటప్పుడు మీ ఇంటి తెలుగు ఏదో, చదవగలరో వినగలరో ముందు చెప్పి అడగండి. మగ్గం చప్పుడు వినిపించే కథ మీకు తెలిసి ఉంటే ఎందుకు బాగుందో రెండు వాక్యాలు జోడించి మా విభాగానికి రాయండి, ఆ అమ్మాయికి అందజేస్తాం.