శరణాలయమున శిశువు: తెలుగు సాహిత్యము చూచినది, చూడనిది

తెలుగు కథలలో శరణాలయము తఱచుగా చివరి పుటలోనే కనిపించును. కష్టములపాలైన బాలికకు రచయిత యొక ఆశ్రయము చూపును, తలుపు మూసికొనును, కథ ముగియును. ఆ తలుపున కావల నా బాలిక యేమి తినెను, ఎవరితో మాటలాడెను, రాత్రి భయపడినపు డెవరిని పిలిచెను అను ప్రశ్నలు పాఠకునకు తోచవు. తోచకుండునట్లే రచన నడచును. ఈ లోపము కథాశిల్పమునకు మాత్రమే సంబంధించినది కాదని మా తలంపు.

ప్రాచీనులు ఈ విషయమున మనకంటె జాగరూకులు. భారతము ఆదిపర్వమున మేనక విడిచిన శిశువులు ఇద్దఱు. ఒకతె మాలినీతీరమున శకుంతములు కాపాడగా కణ్వుని చేతికి వచ్చినది. రెండవది స్థూలకేశుని యాశ్రమసమీపమున దొరికిన ప్రమద్వర. ఇద్దఱికిని పేరు పెట్టినది పెంచిన మునియే. శకుంతలాకథలో మఱొక విశేషము గలదు. తన జన్మవృత్తాంతమును దుష్యంతునకు చెప్పునది ఆమెయే; కణ్వుడు మఱొక మునికి చెప్పుచుండగా తాను విన్నట్లు చెప్పును. పెంచిన తండ్రి ఆమె పుట్టుకను దాచలేదు. శరీర మిచ్చినవాడు, ప్రాణము నిలిపినవాడు, అన్నము పెట్టినవాడు మువ్వురును తండ్రులే యను ధర్మమునుగూడ ఆ కథయే చెప్పుచున్నది. నేటి దత్తత నియమములు దత్తతపోయిన బిడ్డ తన మూలమును వెదకికొనుటకు అవకాశము కల్పించినవి. ఆ యాలోచనకు బీజము మన కావ్యమున నెన్నడో కలదు. అయినను శకుంతలను గూర్చి వ్రాసిన విమర్శకులలో ఎక్కువమంది శృంగారము చర్చించిరే గాని, పెంపకమును చర్చించిన వారు అరుదు.

ఆధునిక యుగమునకు వత్తము. గురజాడ అప్పారావుగారి ‘కన్యాశుల్కము’ రెండవ కూర్పు 1909లో వెలువడెను. అందు బుచ్చమ్మకు తుదకు లభించిన గతి పూనాలోని వితంతు శరణాలయము. పూనాలో కార్వేగారు 1896లోనే అట్టి గృహమును స్థాపించి యుండిరి. రాజమహేంద్రవరమున వీరేశలింగముగారి శరణాలయ ముండగా ఇంతదూరము పంపుటలో నాటకకర్త యుద్దేశమేమి? గిరీశమునకు బుచ్చమ్మ అందకుండ చేయుటకు ఆ దూరము పనికివచ్చినది. నాటకమున కది చాలును. బుచ్చమ్మకు చాలునా? తెలుగుతప్ప మఱొకటి యెఱుగని పిల్ల మరాఠీ మాటలాడు నింట నెట్లు మసలెనో నాటకము పట్టించుకొనదు. ప్రహసనధర్మమునకు లోబడి వ్రాసిన రచనను ఇందుకు నిందింపరాదు. అయితే తరువాతి కథకులు ఆ ముగింపునే అచ్చుగా తీసికొనుట క్షంతవ్యము కాదు.

లోపలి కథ కావలసినవారు వీరేశలింగముగారి ‘స్వీయచరిత్రము’ను చదువవలెను. 1881 డిసెంబరు 11న జరిగిన మొదటి వితంతు వివాహమున వధువు గౌరమ్మ చిన్నపిల్ల. అట్టి బాలికలు వివాహమునకు ముందును వెనుకను నిలిచినది ఆయన యింటనే. బహిష్కారముచే వంటవారు, నీళ్లు తెచ్చువారు మానుకొనగా ఆ భారమంతయు రాజ్యలక్ష్మమ్మగారు మోసిరి. సంస్కరణోద్యమ చరిత్రలో ఉపన్యాసములకు దొరకిన స్థలము ఆ వంటయింటికి దొరకలేదు. బాలలను పోషించు గృహమునకు ఆధారము వంటయిల్లే యని అట్టి గృహము నడపిన వారందఱు నెఱుగుదురు. పునర్వివాహితులు తమ్ము ద్రవ్యమునకై పెట్టిన యిక్కట్లను సైతము పంతులుగారు దాచక వ్రాసిరి. ఆ నిర్మొగమాటము మెచ్చదగినది. కాని ఆ గ్రంథమున మాటలాడునది ఆశ్రయమిచ్చిన వాడే. పొందిన బాలిక కాదు. గౌరమ్మ తలంపు లేవియో ఆ పుటలనుండి మనకు దొరకవు.

ఆశ్రితుల పక్షమున నిలిచి సంస్థలోనికి తొంగిచూచిన తొలినాటి తెలుగు నవలలలో ఉన్నవ లక్ష్మీనారాయణగారి ‘మాలపల్లి’ ముఖ్యమైనది. అందలి సెటిల్మెంటు ప్రకరణములను విమర్శకులు రాజకీయదృష్టితోనే చదివిరి. మేము వానిని మఱొక విధముగా చదువ గోరుచున్నాము. ఉద్ధరణపేరిట ఏర్పడిన కట్టడిలో అధికారము చేతనున్నవాని ముందు జ్యోతివంటి పిల్లకు దిక్కెవరు? మొఱ పెట్టుకొనుటకు చోటెచ్చట? నవల ఈ ప్రశ్నను సూటిగా వేసినది. ఆ నవల వెలువడిన 1922లోనే గ్రంథకర్త గుంటూరున శారదానికేతనమును స్థాపించి బాలికల కాశ్రయ మొసగిరి. ఒకచేత సంస్థను నిర్మించుచు మఱొకచేత సంస్థలోని ప్రమాదమును చిత్రించిన రచయిత మఱొకడు మాకు కానరాడు.

ఇది గ్రంథములకు పరిమితమైన చర్చ కాదు. అచ్యుతాపురము 2022 ఏప్రిలు వఱకు విశాఖపట్టణము జిల్లాలోనిది, నేడు అనకాపల్లి జిల్లాలోనిది. ప్రత్యేక ఆర్థికమండలి వచ్చిన పిదప పలుచోట్లనుండి కూలికి వచ్చినవారితో నిండినది. అచ్చటి యొక ఔషధ కర్మాగారమున 2024 ఆగష్టు 21న జరిగిన ప్రమాదమున పదునేడుగురు మరణించిరి. దినముల క్రితమే అదే జిల్లా కోటవురట్ల మండలము కైలాసపట్నమున నొక ప్రైవేటు వసతిగృహములో ఆహారము వికటించి గిరిజన బాలలు కొందఱు ప్రాణములు కోల్పోయిరి. మొదటిది ఇంటి పెద్దదిక్కును తీసికొనిపోవు విపత్తు. రెండవది ఆశ్రయమే ప్రాణాంతకమైన విపత్తు. కైలాసపట్నపు బాలలు తల్లిదండ్రులు లేనివారు కారు. చదువుకొఱకు మన్యమునుండి పంపబడినవారు. నాథుడు లేనివాడని యర్థమిచ్చు ‘అనాథ’ శబ్దము వారికి వర్తింపదు. వసతిగృహముల బాలలలో అట్టివారే యధికులు. మన కథకులు ఇంకను తల్లిదండ్రులు లేని పిల్లనే కథానాయికగా పట్టుకొని వ్రేలాడుచున్నారు.

చట్టము మాత్రము సాహిత్యముకంటె ముందు నడచినది. 2015 నాటి బాలల న్యాయచట్టము ‘అనాథ’తో తృప్తిపడక ‘సంరక్షణ, రక్షణ అవసరమైన బాలలు’ అను విశాలమైన మాట వాడెను. బాలుని సంస్థలో ఉంచుట మఱేదారియు లేనపుడు మాత్రమే యని సూత్రీకరించెను. ప్రతి గృహమును నమోదు కావలెననియు, తనిఖీ జరుగవలెననియు, ప్రతి బిడ్డకు వేర్వేరుగా సంరక్షణ ప్రణాళిక వ్రాయవలెననియు నిర్దేశించెను. ఆ ప్రణాళికయే ఒక విధముగా కథారచన. బిడ్డ యెక్కడనుండి వచ్చెను, ఏమి కోరుచున్నది, ఎవరివద్దకు తిరిగి పోగలదు అని అడుగక అది వ్రాయరాదు. దానిని ఖాళీలు నింపు పత్రముగా భావించు ఉద్యోగికిని, శరణాలయమును చివరి పుటకు నెట్టు కథకునికిని దోషము ఒక్కటే.

అదే చట్టము బిడ్డ గుర్తింపును బయటపెట్టరాదని నిషేధించినది. ఇది న్యాయము. అందుచే పరిశోధక విద్యార్థి వసతిగృహముల దస్త్రములు తిరుగవేసి వ్యాసము వ్రాయజాలడు, వ్రాయరాదు కూడ. కల్పనకు పని పడునది ఇచ్చటనే. పేరు చెప్పకయే ఒక పిల్ల రాత్రిని చెప్పగల శక్తి నవలకు గలదు. ఇక విద్యార్థులు చేయదగిన పనియు నొకటి కలదు: 1971లో సర్వేలున తొలి గురుకుల పాఠశాల తెఱచిన నాటినుండి గురుకులములందు, సంక్షేమ వసతిగృహములందు పెరిగి పెద్దవారై రచయితలైనవారి ఆత్మకథనములను సేకరించి, వీరేశలింగముగారి ‘స్వీయచరిత్రము’ ప్రక్కన నుంచి చదువుట. ఆశ్రయమిచ్చినవాని మాటయు, పొందినవాని మాటయు అపు డొకేచోట వినవచ్చును. అన్నము పెట్టిన చేతిని గూర్చి వారేమి వ్రాసిరో, ముఖ్యముగా వంటయింటిని గూర్చి యేమి వ్రాసిరో మొదట చూడవలెను.