కార్డు ముదిసినదా, డ్రైవరా?

2012లో వెలువడిన ఎన్‌విడియా జీటీఎక్స్ 680 గ్రాఫిక్స్ కార్డు చెడకున్నను, నేడు లైనక్సులో చిక్కు తెచ్చుచున్నది. కార్డుకును, లైనక్సు గుండెకాయయగు కెర్నెలుకును దుబాసీ వంటిది డ్రైవరు. రెండు మూడు నెలలకొక కొత్త కెర్నెలు వచ్చుచుండును. ఈ కార్డుకు పనికివచ్చు కంపెనీవారి 470 డ్రైవరుకు సవరణలు 2024తో ఆగినవి. దాని ముఖ్యభాగపు మూలకోడు రహస్యము. ఇక బాగుచేయువారెవరు? 2022లో కంపెనీ కొంత కోడును వెల్లడించినది గాని, అది 2018 నాటి ట్యూరింగు తరము మొదలుకొనియే! ఔత్సాహికులు కార్డు నడవడిని శోధించి కూర్చిన నూవో డ్రైవరు మెచ్చదగినదే. బొమ్మ వచ్చును, వేగము మాత్రము తనంతట పెరగదు.

అదే కాలపు ఏఎండీ రేడియాన్ హెచ్‌డీ 7970 సంగతి వేరు. ఆ కంపెనీ 2007 నుండి చిప్పుల వివరములు ప్రకటించుచు వచ్చినది. డ్రైవరు కోడు కెర్నెలులోనే కలదు; కెర్నెలును మార్చువారే దీనినిగూడ సవరింతురు. పాత యంత్రములతో బోధించు పాఠశాలకు ఇట్టి కార్డే మేలు. అందులోనికి ఎక్కించు ఫర్మువేరు మాత్రము ఇప్పటికిని మూసిన పెట్టెయే.