గెనిమ తగాదా, గొలుసు లెక్క

మా చిత్తూరు పల్లెల్లో దాయాదుల మధ్య మాటల్లేవంటే నేను ముందు అడిగేది గెనిమ గురించే, అంటే చేల మధ్య గట్టు. మూరెడు గెనిమ కోసం రెండు తరాలు కోర్టు మెట్లెక్కిన ఇళ్లున్నాయి. కొలతల మీద నాకు పిచ్చి పట్టింది ఆ తగాదాలు వినీ వినీ.

సర్వే గొలుసు 66 అడుగులు, 100 లింకులు. వెయ్యి చదరపు లింకులైతే సెంటు, నూరు సెంట్లయితే ఎకరా. లెక్క ముచ్చటగా ఉంటుంది గానీ గొలుసును నమ్మలేం. వాడేకొద్దీ కడియాలు అరిగి సాగుతుంది. సాగిన గొలుసుతో కొలిస్తే ఉన్నదానికన్నా చేను తక్కువ తేలుతుంది. సెంటుకింత అని అమ్మినవాడికి నష్టం, కొన్నవాడికి పండగ.

ఎండకు కూడా ఇనుము సాగుతుంది. 1802 ఏప్రిల్లో సర్వే అధికారి లాంబ్టన్ దొర మద్రాసు సెయింట్ థామస్ మౌంట్ దగ్గర ఏడున్నర మైళ్ల ఆధార రేఖ కొలిచినప్పుడు 100 అడుగుల ఉక్కు గొలుసును చెక్క తొట్లలో పరిచి, పక్కన థర్మామీటర్లు పెట్టి, వేడికి ఎంత సాగిందో లెక్కలో సరిచేశాడు. మన ఊరి గొలుసుకు అంత మర్యాద ఎవరు చేశారు?

వాలు సంగతి వేరే. పలమనేరు, కుప్పం వైపు మెరకాపల్లం చేలే ఎక్కువ. పటంలో ఉండేది మట్టం దూరం. 10 డిగ్రీల వాలులో నేల వెంట 100 అడుగులు కొలిస్తే మట్టానికి తేలేది 98 అడుగుల ఆరంగుళాలే. అందుకే తెలిసిన చైన్‌మన్ టేపును మట్టంగా పట్టుకుని, తూకపు గుండు వేలాడదీసి, మెట్లు దిగినట్టు కొలుస్తాడు. తెలియనివాడు నేలకు పరిచేస్తాడు. “మా నాయన కాలంలో ఎక్కువుండె కదప్పా” అనే మాట వెనక చాలాసార్లు ఆ పరిచిన టేపే ఉంటుంది.

2020 డిసెంబరులో మొదలైన భూముల రీసర్వేతో ఊళ్లలోకి రోవర్లు, అంటే ఉపగ్రహాల సాయంతో కొలిచే యంత్రాలు, దిగాయి. గొలుసు పోయి గడియారం వచ్చిందన్నమాట. ఉపగ్రహ సంకేతం ఎంతసేపట్లో చేరిందో చూసి దూరం కడతారు. సెకనులో వందకోట్లో వంతు తప్పితే అడుగు తేడా. తిరుపతి దగ్గర గాదంకి రాడారుదీ ఇదే కిటుకు: ఆకాశంలోకి పంపిన తరంగం తిరిగి రావడానికి మైక్రోసెకను పడితే ఎత్తు 150 మీటర్లు. రోవర్‌కు స్థిర స్టేషన్ దిద్దుబాటు అందుతుంది కాబట్టి సెంటీమీటర్లలో తేలుస్తుంది. అయితే గుబురు మామిడి తోపులో నిలబెడితే తడబడుతుంది. మనకేమో తోపులే ఎక్కువ!

నా మట్టుకు నాకు యంత్రం కన్నా రాయి ముఖ్యం. సర్వే రాయి కదిలిపోయాక ఎంత నిక్కమైన కొలతైనా తప్పు చోటునుంచే మొదలవుతుంది. దుక్కికి అడ్డమని పెరికేసిన రాళ్లు, జేసీబీ మింగిన రాళ్లు ఎన్నో. 1923 సర్వే, సరిహద్దుల చట్టం ప్రకారం పొలంలోని సర్వే రాళ్లను కాపాడాల్సింది పట్టాదారే. సర్వేయర్ వచ్చే ముందు ఎఫ్ఎంబీ (పొలం కొలతల పుస్తకం) నకలు తీసుకోండి, రాళ్ల చుట్టూ కంప కొట్టించండి, పక్క కయ్య వాళ్లను కూడా పిలవండి.