లోడు మీద బయటపడే జబ్బు

మా పిన్ని కొడుకు నాకు ఫోన్ చేసేసరికే థర్మోస్టాట్ మార్చాడు, వాటర్ పంపు మార్చాడు, రేడియేటర్‌కి కొత్త మూత వేశాడు, పాత కూలెంట్ అంతా దించేసి కొత్తది పోయించాడు. "అన్నయ్యా, ఇప్పుడేమో హెడ్ గ్యాస్కెట్ పోయిందంటున్నారు, ఇంజన్ విప్పాలట" అన్నాడు. గొంతులో నీరసం తెలుస్తూనే ఉంది.

"ఎప్పుడు వేడెక్కుతోందిరా?" అని అడిగాను.

"ట్రైలర్ తగిలించినప్పుడు."

"తగిలించగానేనా? ఊళ్లో సిగ్నళ్ల దగ్గరా, హైవే ఎక్కాకా? చదునులోనా, ఎక్కుడులోనా? ఎక్కడం మొదలెట్టిన ఎంతసేపటికి? పక్కకి ఆపితే ఎంతసేపట్లో దిగుతోంది?"

కాసేపు అవతల చప్పుడు లేదు. ఇన్ని సామాన్లు మార్చారు గానీ ఈ మాట ఒక్కరూ అడగలేదన్నాడు. ఆ మాటే నా మనసులో ఉండిపోయింది. బండి బాగుచేసే పనిలో నాకు అన్నిటికంటే ఇష్టమైనది ఈ అడగడమే. పానా పట్టుకోవడం ఆ తర్వాతి సంగతి.

మేమిద్దరం ఉండేది ఫీనిక్స్ చుట్టుపక్కలే. ఊరు సముద్రమట్టానికి సుమారు 1,100 అడుగుల ఎత్తున ఉంటుంది. ఎండాకాలం ఇక్కడ 45 డిగ్రీలు మామూలు మాట. చల్లగాలి కావాలంటే ఐ-17 రోడ్డు మీద ఉత్తరానికి, దాదాపు 7,000 అడుగుల మీదున్న ఫ్లాగ్‌స్టాఫ్‌కి పోవాల్సిందే. మావాడు 2006 మోడల్ పికప్ ఒకటి పాతది కొన్నాడు, వి8 పెట్రోల్ ఇంజన్. దాని వెనక 5,000 పౌండ్ల క్యాంపింగ్ ట్రైలర్. బ్లాక్ కాన్యన్ సిటీ దాటగానే సన్‌సెట్ పాయింట్ దాకా రోడ్డు కొండమీదికి పాకుతుంది. ట్రైలర్‌తో వెళ్లిన రెండుసార్లూ వాడి బండి అక్కడే కాగిపోయింది. వట్టి బండితో అదే రోడ్డు మీద, అదే ఎండలో, ఏసీ పెట్టుకుని వెళ్లొస్తే ఏమీ కాలేదు.

అలా ఎందుకవుతుందో చూద్దాం. బండీ ట్రైలరూ కలిపి 4,700 కిలోలు. 6 శాతం వాలున్న ఎక్కుడులో గంటకు 80 కిలోమీటర్ల వేగంతో పోవాలంటే, ఆ బరువును పైకెత్తడానికే 60 కిలోవాట్ల పైన కావాలి. గాలిని చీల్చుకుని పోవడానికి కావలసింది దాని మీద అదనం. వట్టి బండి చదును రోడ్డు మీద వాడుకునే దానికి ఇది మూడు నాలుగు రెట్లు. ఇంజన్ చక్రాలకు ఎంత శక్తి పంపిస్తుందో, సుమారుగా అంత వేడినీ కూలెంట్‌లోకి వదులుతుంది. అంటే రేడియేటర్ పనీ మూడు నాలుగు రెట్లవుతుంది. సగం ఒంటితో బతుకుతున్న రేడియేటర్ వట్టి బండికి సరిపోతుంది, ఎవరికీ అనుమానం రాదు. కొండ దగ్గర దాని సంగతి బయటపడుతుంది. అందుకే గ్యారేజీలో బండిని నిలబెట్టి అరగంట ఇంజన్ తిప్పి "బాగానే ఉందండీ" అంటే ఆ మాటకు విలువ లేదు. లోడు మీద వచ్చే జబ్బును లోడు మీదే పట్టుకోవాలి.

ఆ "ఎప్పుడు" అన్న ప్రశ్నకు వచ్చే జవాబును బట్టి సగం దారి తేలిపోతుంది. నిలబడినప్పుడో, నత్తనడకలోనో వేడెక్కి, హైవే మీద గాలి తగలగానే దిగిపోతే ఫ్యాన్ మీద అనుమానపడాలి. నిలబడితే బాగుండి, లోడుతో వేగంగా పోతున్నప్పుడు మెల్లమెల్లగా ఎక్కితే వేడి బయటకు పోయే దారి ఇరుకైందని లెక్క. అది లోపల గొట్టాల్లో పూడిక కావచ్చు, బయట రెక్కల మధ్య అడ్డు కావచ్చు, పంపు లాగే ఊపుకి నొక్కుకుపోయే కింది హోస్ పైపు కావచ్చు. ముల్లు ఉన్నట్టుండి ఎగిరి, పడి, మళ్లీ ఎగిరితే కూలెంట్ తగ్గిందేమో, లోపల గాలి చేరిందేమో చూడాలి. థర్మోస్టాట్ గురించి ఒక మాట. తక్కువ వేడికే తెరుచుకునేది వేస్తే బండి చల్లబడుతుందని చాలామంది నమ్మకం. థర్మోస్టాట్ వాకిలి లాంటిది. మామూలుది దాదాపు 90 డిగ్రీల దగ్గర తెరుచుకోవడం మొదలెడుతుంది. పూర్తిగా తెరుచుకున్నాక దానికి చేయగలిగిందేమీ లేదు. కొండ మీద 110 డిగ్రీల్లో అది ఎప్పుడు తెరుచుకుందన్నది లెక్కలోకే రాదు.

హెడ్ గ్యాస్కెట్ అనుమానం మాత్రం కొట్టిపారేసేది కాదు. అదీ లోడు మీదే బయటపడే రకం. సిలిండర్లలో ఒత్తిడి పెరిగినప్పుడు మంట తాలూకు గాలి చిన్న చీలికలోంచి కూలెంట్‌లోకి దూరుతుంది. కానీ ఇంజన్ విప్పే ముందు అడగడానికి చవక దారులున్నాయి. కొండెక్కి వచ్చిన రాత్రి బండిని కదపకుండా ఉంచి, తెల్లారాక చల్లటి ఇంజన్ మీద మూత తీయమన్నాను. కూలెంట్ చల్లారితే కుంచించుకుపోతుంది కాబట్టి లోపల ఒత్తిడి మిగలకూడదు. రాత్రంతా చల్లారినా బుస్సుమంటే అనుమానించాలి. బుస్సు లేదు. ఆ తర్వాత నీలం ద్రవం పరీక్ష. ఇంజన్ కాస్త వెచ్చబడ్డాక రేడియేటర్ మూతి దగ్గరి గాలిని ఆ ద్రవంలోంచి పీలిస్తే, కార్బన్ డయాక్సైడ్ ఉన్నప్పుడు రంగు పసుపుకి తిరుగుతుంది. మాది పది నిమిషాలైనా నీలంగానే ఉంది. వేల డాలర్ల పని అక్కడితో ఆగిపోయింది.

శనివారం సాయంత్రం నాలుగింటికి ఇద్దరం ట్రైలర్ తగిలించుకుని బయల్దేరాం. ట్రైలర్ నీళ్ల ట్యాంకు కూడా నింపించాను, బరువు తగ్గితే పరీక్షకు అర్థం లేదు. అమెరికాలో 1996 నుంచి కార్లకూ, ఇలాంటి పికప్‌లకూ ఓబీడీ పోర్టు తప్పనిసరి. దానికి చిన్న రీడర్ తగిలిస్తే ఇంజన్ అసలు వేడి ఫోన్‌లో అంకెల్లో కనిపిస్తుంది. ఇది ఎందుకంటే, డాష్‌బోర్డు మీది ముల్లు నిజం పూర్తిగా చెప్పదు. చాలా బళ్లలో దాన్ని నడిమధ్యన నిలిచిపోయేలా చేస్తారు. చిన్న హెచ్చుతగ్గులకు డ్రైవర్ కంగారు పడకూడదని అలా పెట్టారు. ఆ రోజు ఎక్కుడు మొదట్లో 210 ఫారెన్‌హీట్, అంటే 99 సెల్సియస్. తర్వాత 221. తర్వాత 230. ముల్లు ఇంకా నడిమధ్యనే నిద్రపోతోంది.

"అన్నయ్యా, బండికి శక్తి చాలదేమో" అన్నాడు మావాడు.

ఆ అనుమానానికీ జవాబుంది. ఎంత బరువు లాగగలదో కంపెనీలు ఒకప్పుడు ఎవరి పద్ధతిలో వాళ్లు చెప్పుకునేవి. 2008లో ఎస్‌ఏఈ జె2807 అనే ప్రమాణం వచ్చింది. మా రాష్ట్రంలోనే, డేవిస్ డ్యామ్ దగ్గర మొదలయ్యే 68వ నంబరు రోడ్డు ఎక్కుడు దాని పరీక్షాస్థలం. 11.4 మైళ్లలో సుమారు 3,000 అడుగులు, కనీసం 100 ఫారెన్‌హీట్ ఎండ, మామూలు పికప్‌కైతే వేగం 40 మైళ్లకు తగ్గకూడదు, పైగా ఏసీ పూర్తిగా పెట్టి ఉంచాలి. ఈ ఏసీ నియమం నాకెంతో నచ్చుతుంది. కాలిఫోర్నియాలో బేకర్ ఎక్కుడు దగ్గర ఇంజన్ కాగకుండా ఏసీ ఆపుకోమని రోడ్డు పక్క బోర్డులుంటాయి. ఆపాల్సిన అవసరం రాని బండి ఎలాంటిదో ఈ పరీక్ష చెబుతుంది. మావాడి బండి ఆ ప్రమాణానికి ముందుదే, అయినా దాని మీద రాసిన లెక్క 8,000 పౌండ్లు. 5,000 పౌండ్లకు బెంబేలెత్తకూడదు.

"గేరు దించు" అన్నాను. వాడు భయపడ్డాడు. ఇంజన్ 3,500 చుట్లకు చేరి అరుస్తుంటే ఎవరికైనా కాలు వెనక్కి పోతుంది. కానీ వాటర్ పంపు, ఫ్యాన్ రెండూ ఇంజన్‌తోనే తిరుగుతాయి. చుట్లు పెరిగితే కూలెంటూ గాలీ ఎక్కువ పారతాయి. పైగేరులో మూలుగుతూ లాగితే ట్రాన్స్‌మిషన్ ఆయిల్ కూడా మరుగుతుంది, ఈ బండిలో ఆ వేడి పోవాల్సిందీ రేడియేటర్‌లోంచే. గేరు దించాక వేడి పెరగడం నెమ్మదించింది గానీ ఆగలేదు. అప్పుడు నేను వినదలచుకున్నది వినిపించింది. ముందునుంచి గాలివాన లాంటి హోరు. ఫ్యాన్ క్లచ్ పట్టుకుంది. రేడియేటర్‌లోంచి వచ్చే గాలి బాగా వేడెక్కితే క్లచ్ ముందున్న లోహపు స్ప్రింగు తిరిగి, లోపలి సిలికాన్ నూనెను వదులుతుంది, ఫ్యాన్ బిగుసుకుని తిరుగుతుంది. అంటే ఫ్యాన్ తప్పు లేదు. 237కి చేరాక, అంటే 114 సెల్సియస్ దగ్గర, సన్‌సెట్ పాయింట్‌లో పక్కకి తీసుకున్నాం.

మావాడి చెయ్యి మూత మీదికి పోతుంటే పట్టుకున్నాను. 15 పౌండ్ల ఒత్తిడి పట్టే మూత కింద సగం నీళ్లు, సగం గ్లైకాల్ కలిపిన కూలెంట్ దాదాపు 129 సెల్సియస్ దాకా మరగకుండా ఉంటుంది. మూత తీసిన క్షణంలో ఆ ఒత్తిడి పోయి, కూలెంట్ ఒక్కసారిగా ఆవిరై ముఖం మీదికి లేస్తుంది. దీనికి మాత్రం వివరణ లేకుండానే ఎవరినైనా ఆపుతాను.

ఇంజన్ తిరుగుతూనే ఉంది, ఫ్యాన్ హోరు ఇంకా తగ్గలేదు. గ్లవ్ బాక్సులోంచి ఒక తెల్లకాగితం తీసి బండి ముందు గ్రిల్ మీద పెట్టాను. పై భాగంలో పెడితే చెయ్యి వదిలినా అతుక్కుపోయింది. మధ్యలోనూ అంతే. కింది మూడో వంతులో పెడితే జారి నేల మీద పడింది. మళ్లీ పెట్టాను, మళ్లీ పడింది. మావాడు అప్పుడు అన్నాడు, "నిజమే అన్నయ్యా, ట్రాఫిక్‌లో ఏసీ కూడా ఈ మధ్య అంత చల్లగా రావట్లేదు." ఏసీ కండెన్సర్ రేడియేటర్‌కి ముందే, వేళ్లు దూరనంత సందులో ఉంటుంది. రెండింటిలోంచీ పోయే గాలి ఒక్కటే. ఆ సంగతి వాడు ఏ గ్యారేజీలోనూ చెప్పలేదు, ఎందుకంటే అది వాడి దృష్టిలో వేరే జబ్బు.

మర్నాడు పై కవర్ విప్పి, రేడియేటర్‌ని ఇంజన్ వైపు కొంచెం వంచి, టార్చి వేసి సందులోకి చూశాం. ముందునుంచి చూస్తే కండెన్సర్ శుభ్రంగా మెరుస్తోంది. దాని వెనక, రేడియేటర్ ముఖం మీద, కింద నుంచి జానెడు ఎత్తు దాకా బూడిదరంగు కంబళి పరిచినట్టుంది. కాటన్‌వుడ్ చెట్ల దూది, గడ్డి గింజలు, పురుగుల రెక్కలు, ఎడారి దుమ్ము, అన్నీ ఏళ్ల తరబడి తడిసి ఎండి అట్టకట్టాయి. ఈ బండిని ముందు వాడినాయన గడ్డిమోపులు తోలేవాడని కొన్నప్పుడు విన్న మాట వాడికి అప్పుడు గుర్తొచ్చింది. వేలితో అంచు ఎత్తితే అరచేతంత ముక్క ఊడి వచ్చింది. దాన్ని వెలుగుకు పెట్టి చూస్తే చిన్న రంధ్రం కూడా కనబడలేదు.

మోటారు పెట్టిన నీళ్ల గన్‌తో కొడితే పలచని రెక్కలు వంగిపోతాయి. అందుకే తోటకి పెట్టే మామూలు పైపుతో, గాలి పోయే దారికి ఎదురుగా, ఇంజన్ వైపునుంచి ముందుకి నీళ్లు వదిలాం. మొదట బురద, తర్వాత టీరంగు నీళ్లు, తర్వాత తేటవి. ఓపిగ్గా రెండు గంటలు పట్టింది. సామాన్ల ఖర్చు సున్నా.

తర్వాతి శనివారం అదే నాలుగు గంటలకు, అదే ట్రైలర్‌తో, నీళ్ల ట్యాంకు నింపుకుని, అదే గేరులో అదే కొండ ఎక్కాం. ఎండ కిందటి వారం కంటే ఒక డిగ్రీ ఎక్కువే. ఏసీ ఆపబోతే వద్దన్నాను. 205, 209, 212. ఫ్యాన్ ఒకసారి హోరెత్తి, కాసేపటికి తనే సద్దుమణిగింది. 214 దగ్గర అంకె నిలబడిపోయింది. మావాడు సన్‌సెట్ పాయింట్‌కి ఇండికేటర్ వేశాడు, ఫోన్ వంక ఒకసారి చూశాడు, ఇండికేటర్ తీసేసి ఫ్లాగ్‌స్టాఫ్ వైపు పోనిచ్చాడు.