బాపట్ల ఇసుకలో అంటుకత్తి పనితనం

మంచి చెట్టు ఒకటి దొరికితే దాన్ని వెయ్యి చెట్లుగా చెయ్యడమెలా? పూటలో తిరిగి రాగలిగిన మూడు ఊళ్ళలో దీనికి మూడు జవాబులున్నాయి. తెనాలి మార్కెట్‌కి బస్తాల్లో దిగే నిమ్మకు ఈ బెంగే లేదు. నిమ్మగింజ ఒక్కదాన్నుంచే రెండు మూడు మొలకలు లేస్తాయి. వాటిలో చాలావరకు పుప్పొడితో పని లేకుండా తల్లి కణాల నుంచే పుడతాయి కాబట్టి అచ్చంగా తల్లి పోలికే. రేపల్లె వైపు తాడిచెట్టుకు ఆ అదృష్టం లేదు. టెంక పాతిన రైతు అది పోతుతాడో పెంటితాడో తెలియడానికి పది పదిహేనేళ్ళు ఆగాలి. అంటు కడదామా అంటే తాడికీ కొబ్బరికీ బెరడుకూ కర్రకూ నడుమ కొత్త కణాలు పుట్టించే పొరే లేదు. నీటినాళాలు కాండమంతా చెదిరి ఉంటాయి, అతికేందుకు అంచు దొరకదు.

ఇక బాపట్ల ఇసుకనేలల జీడిమామిడి. దీని గింజ తల్లి మాట వినదు. పూలు ఎక్కువగా పరపరాగ సంపర్కంతోనే నిలుస్తాయి గనక ఒకే చెట్టు గింజలు పది పాతితే పది రకాల చెట్లు లేస్తాయి. అంటు మాత్రం చక్కగా పడుతుంది. అందుకే ఇక్కడ మనిషి చేతికి పని పడింది.

ధాన్యంలో బీపీటీ 5204 పేరు వినని తెలుగు ఇల్లు అరుదు. అదే బాపట్లలో పుట్టిన బీపీపీ రకాల జీడిమామిడి సంగతి తోటల వాళ్ళకు తప్ప తెలియదు. నా లెక్కలో ఇది కొంచెం అన్యాయం. బాపట్ల జీడిమామిడి పరిశోధన స్థానం 1993లో విడుదల చేసిన బీపీపీ-8 అనే సంకర రకాన్నే చూడండి. 1వ నంబరు చెట్టునూ 39వ నంబరు చెట్టునూ కలిపి తీసిన సంతానం ఇది. ఇదే కేంద్రం నుంచి అంతకుముందు వచ్చిన బీపీపీ-2 గింజ 4 గ్రాములు తూగితే, ఇది 8 గ్రాములు దాటుతుంది. అందులో పప్పు 29 శాతం. వ్యాపారులు డబ్ల్యూ 210 అని పిలిచే, పౌనుకు 210కి మించకుండా తూగే పెద్ద పప్పు ఇదే.

ఆ రెండు చెట్లను కలపడం ఎంత సున్నితమైన పనో పువ్వును దగ్గరగా చూస్తే గాని అర్థం కాదు. వేలి గోరుకన్నా చిన్న పువ్వు. గులాబి చారల రెక్కలు అయిదు. ఒకే గుత్తిలో మగపూలూ ద్విలింగ పూలూ కలిసి ఉంటాయి, మగవే ఎక్కువ. కేసరాలు చాలానే ఉన్నా సాధారణంగా పొడవైనది ఒక్కటే పుప్పొడికి ఆధారం, మిగతావి పొట్టివి. ద్విలింగ పువ్వులో ఆ ఒక్కదాన్నీ పుప్పొడి రాలకముందే పట్టుకారుతో తీసేసి, రెండో చెట్టు మగపువ్వు నుంచి పుప్పొడి తెచ్చి కీలాగ్రానికి తాకించి, పురుగు ముట్టకుండా కాగితపు గొట్టం తొడగాలి. ఇంతా చేస్తే నిలిచే కాయలు కొన్నే. ఆ గింజలు పాతి, పూతకు వచ్చేదాకా ఆగి, కాపు ఏటికేడు తూచి, వాటిలోంచి ఒక్క చెట్టును ఎంచుకోవాలి.

చెట్టు సొంత పనితనం ఇంకో ఎత్తు. మొదట గింజే పెరుగుతుంది, నెల దాటేసరికి నిండు సైజుకొచ్చి, తర్వాత నీరు తగ్గి కాస్త కుంచించుకుంటుంది. అప్పుడుగానీ పైనున్న తొడిమ ఉబ్బి పండుగా మారదు. పెంకు రెండు పొరల నడుమ తేనెపట్టు గదుల్లాంటి వాటిల్లో చర్మాన్ని కాల్చే జీడినూనె నిండి ఉంటుంది. పప్పు జోలికి వచ్చే పురుగుకు అదే శిక్ష. జీడి కొట్టే ఆడవాళ్ళు చేతులకు నూనో బూడిదో రాసుకోవడం దాని భయంతోనే. వేటపాలెం జీడిపప్పు రుచిని మెచ్చుకునేవాళ్ళు ఆ చేతుల సంగతి కూడా గుర్తుంచుకోవాలి.

ఎంచుకున్న ఆ ఒక్క చెట్టునూ అంటుకత్తే వేలు చేస్తుంది. నీళ్ళలో మునిగిన గింజల్నే పాతి, నలభై నుంచి అరవై రోజుల మొక్కను వేరుమొక్కగా తీసుకుంటారు. అంతకు మించితే కాండం ముదిరి సరిగా అతకదు. పైకొమ్మకు మూడు నుంచి అయిదు నెలల వయసు, పెన్సిలు లావు, పూత పట్టని చివర కావాలి. కోతకు వారం పది రోజుల ముందే దాని ఆకులు కోసి తొడిమ ముక్కలు వదిలేస్తారు. ముట్టుకోగానే ఆ ముక్కలు ఊడిపోతే, చివర మొగ్గ ఉబ్బితే, కొమ్మ సిద్ధమైనట్టు. ఈ వారం ఓపిక లేనివాడు ఎంత నేర్పుగా కోసినా అంటు పట్టదు.

కోత నిమిషాల పని. వేరుమొక్కను జానెడు ఎత్తున నరికి, కింద రెండు మూడు ఆకులు ఉంచి, కాండాన్ని మధ్యకు రెండంగుళాలు చీలుస్తారు. కొమ్మ అడుగును అంతే పొడవున రెండు వైపులా మేకులా చెక్కుతారు. కత్తి ఒక్క ఊపులో సాగాలి. తడబడి రెండోసారి గీరితే కోత వంకర తిరిగి, నడుమ గాలి చేరుతుంది. మేకును చీలికలో దించేటప్పుడు రెండిటి లావూ సమానం కాకపోతే ఒక పక్క బెరడైనా గీతకు గీత కలవాలి, ఎందుకంటే బెరడు కింది ఆ పలచని ఆకుపచ్చ పొరలు తాకితేనే కణాలు కలుస్తాయి. ఆపైన ప్లాస్టిక్ పట్టీ బిగించి చుట్టి, తేమ పోకుండా చిన్న కవరు తొడుగుతారు. మూడు నాలుగు వారాలకు చిగురు.

తోటలో నాటాక కూడా కొన్నాళ్ళు కన్నేసి ఉంచాలి. అతుకు కింద నుంచి లేచే చిగుళ్ళు బీపీపీ-8వి కావు, ఏ గింజదో తెలియని వేరుమొక్కవి. బలంగా, తొందరగా పెరుగుతాయి. కనబడగానే గిల్లెయ్యాలి, లేకపోతే కాపుకొచ్చేది అవే.