తాటాకు మీద గంటం

కాగితం వాడుక ఊరూరా వ్యాపించకముందు తెలుగువారికి పుస్తకమంటే తాటాకుల కట్టే. భారత భాగవతాలు, వైద్యం, జ్యోతిషం, కరణాల లెక్కలు అన్నీ ఆ కట్టల్లోనే ఉండేవి. కలకాలం నిలవాల్సిన దానశాసనాలను రాతి మీదా రాగి మీదా చెక్కించేవారు. ఆ రాగిరేకులు సైతం తాటాకు రూపాన్నే దిద్దుకున్నాయి. తూర్పు చాళుక్యుల తామ్రశాసనాలు పొడవుగా, సన్నగా ఉంటాయి. చిల్లులోంచి ఉంగరం దూర్చి, దానికి రాజముద్ర వేసేవారు.

రాతకు రెండు రకాల ఆకులు వాడేవారు. మన పొలం గట్ల మీది తాటిచెట్టు ఆకు దళసరి, పెళుసు. శ్రీతాళం ఆకు పలుచన, మెత్తన, ఎక్కువకాలం మన్నుతుంది. ఏ ఆకైనా మరీ లేతది పనికిరాదు, ముదిరినదీ పనికిరాదు. ఈనె తీసేసి, నీళ్లలో ఉడికించి, నీడన ఆరబెట్టి, నున్నటి రాయితోనో గవ్వతోనో రుద్దేవారు. తరువాత అన్నిటినీ ఒకే కొలతకు కత్తిరించి, తాడు దూరేందుకు చిల్లులు పొడిచేవారు.

రాత సాధనం గంటం, అంటే మొన తేలిన ఇనుప కడ్డీ. లేఖకుడు ఆకును ఎడమచేత పట్టుకుని, ఆ చేతి బొటనవేలిని గంటానికి ఆనుగా ఉంచి, అక్షరాలు గీరుతూ పోతాడు. అప్పటికి అక్షరాలకు రంగుండదు. దీపపు మసిని నూనెతో కలిపి ఆకంతా పూసి తుడిస్తే గీతల్లో మాత్రం నలుపు నిలుస్తుంది. ఆకు నారలు అడ్డంగా సాగుతాయి కనుక వాటి వెంబడి పొడవైన గీత గీస్తే ఆకు చీలే ప్రమాదం ఉంది. మన లిపి గుండ్రదనానికి ఇదొక కారణమని చాలామంది పండితుల అభిప్రాయం. మాటకూ మాటకూ మధ్య ఖాళీ వదలకుండా రాసేవారు కాబట్టి చదివేవాడికి భాష బాగా వచ్చి ఉండాలి.

రాత ముగిశాక ఆకులను పైనా కిందా చెక్కపలకలతో బిగించి, తాడుతో చుట్టి, గుడ్డలో కట్టేవారు. చాలామంది లేఖకులు చివర తమ పేరు, సంవత్సరం పేరు రాసుకునేవారు. అరవై ఏళ్లకు అదే పేరు మళ్లీ వస్తుంది కనుక, వేరే ఆధారం లేనిదే ఆ ప్రతి ఏ చక్రానికి చెందిందో తేల్చడం కష్టం.

మన తేమకూ పురుగులకూ ఎంత మంచి ఆకైనా కొన్ని వందల ఏళ్లకు మించి ఆగడం అరుదు. 11వ శతాబ్దపు నన్నయ స్వహస్తంతో రాసిన ఆకు ఒక్కటీ మనకు దక్కలేదు, అయినా ఆయన భారతం దక్కింది. పాత కట్ట శిథిలమయ్యేలోగా ఎవరో కూర్చుని కొత్త ఆకుల మీద తిరగరాశారు. అది పాడయ్యేలోగా మరొకరు రాశారు. పేరు రాసుకోని అలాంటి లేఖకులు ఎందరో! మన సాహిత్యం నిలిచింది వారి ఓపిక మీదనే.

19వ శతాబ్దంలో ఆ పనిని కాగితం మీదికి మార్చినవారిలో సి.పి. బ్రౌన్ ముఖ్యుడు. కడపలో పండితులకు జీతాలిచ్చి, ప్రతులు సేకరింపజేసి, పాఠాలు సరిపోల్చి, శుద్ధప్రతులు రాయించాడు. 1829లో వేమన పద్యాలను అచ్చు వేయించాడు. నేడు చెన్నై, తిరుపతి, హైదరాబాదు ప్రాచ్య లిఖిత గ్రంథాలయాల్లోనూ, తంజావూరు సరస్వతీ మహలులోనూ తెలుగు తాళపత్రాలు భద్రంగా ఉన్నాయి. 2003లో మొదలైన జాతీయ వ్రాతప్రతుల మిషన్ ఇళ్లలోని, మఠాల్లోని కట్టలను కూడా నమోదు చేసే పని చేపట్టింది.

మీ అటక మీద అలాంటి కట్ట ఉందా? అంటుకున్న ఆకులను బలవంతాన విడదీయకండి, వంటనూనె పూయకండి, పూజ చేసి నదిలో వదలకండి. దగ్గరి ప్రాచ్య గ్రంథాలయానికి కబురు చేసి, ప్రతి ఆకుకూ రెండువైపులా ఫొటోలు తీయించండి. మన తరం తిరగరాయాల్సిన ప్రతి అదే.